చిలుకమ్మ సగం ఇల్లు

ఆ సోమవారం పొద్దున వెంకట్రాజం పెట్టుకున్న పనులు నాలుగే. పదింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలి. ఇంటి కాగితాల్లో వదినె పేరు ఎక్కించాలి. ఒంటిగంటకల్లా తిరిగివచ్చి దుకాణం తెరవాలి. దారిలో చౌరస్తా దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకోవాలి. ఈ నాలుగింటిలో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది బజ్జీల సంగతొక్కటే.

వరంగల్ గిర్మాజీపేటలో అతనికి కింద స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు ఉన్నాయి. భార్య వరలక్ష్మి పోయి పదకొండేళ్లయింది. ఆమె అక్క చిలుకమ్మ అంతకు చాలా ముందే, భర్త మొండయ్య చనిపోయాక, ఒక ట్రంకు పెట్టెతో వచ్చి మేడమీద వెనక గదిలో దిగింది. ఆమెకు పిల్లలు లేరు. వరలక్ష్మి మంచాన పడిన రెండేళ్లూ ఆమే చూసుకుంది. వెంకట్రాజం కూతురు పద్మలత పెళ్లి కూడా ఆమే ముందుండి చేయించింది. వెంకట్రాజం మధ్యాహ్నం అన్నానికి పైకి వచ్చేసరికి కంచం పక్కన మంచినీళ్ల గ్లాసు, దాని మీద మూత ఉంటాయి. దాని గురించి వాళ్లిద్దరూ ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు.

పోయిన నెల అల్లుడు హరీష్ హన్మకొండ నుంచి వచ్చి ఇంటిని ముందు నుంచి వెనకదాకా అడుగులేసి కొలిచాడు. “మామా, ఈ మూలకు లిఫ్టు పెడితే ఐదంతస్తులు లేస్తది. బిల్డర్‌తోని మాట్లాడిన,” అన్నాడు. అతను వేలితో చూపించిన మూలలో చిలుకమ్మ గది ఉంది. అప్పటినుంచి వెంకట్రాజానికి తిన్నది ఒంటబట్టలేదు. రేపు తను పోయినా వదినెను ఆ గదిలోంచి ఎవరూ కదిలించకూడదు. అతనికి కావలసింది అంతే.

దానికి పేరెక్కించడం సరిపోతుందని అతను నమ్మాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా గిన్నెల మీద పేర్లు చెక్కిస్తున్న మనిషి. వాళ్ల వంటింట్లోనే అన్నం గిన్నె మీద ఎవరో పెళ్లికొడుకు పేరుంది, చారు గిన్నె మీద మొండయ్య జ్ఞాపకార్థమని ఉంది. ఆ పెళ్లికొడుకు వచ్చి అన్నం అడిగింది లేదు. పేరన్నది మర్యాదకు, గుర్తుకు వేసేదనే వెంకట్రాజం లెక్క.

“వదినె, జర ఆధార్ కార్డు తీస్కొని రా. ఆఫీసుకు పోదాం.”

“ఎందుకు రాజం?”

“నీ పేరు ఎక్కిస్తాన.”

“ఇగ దేని మీద? మొన్ననే గదా పప్పు గుత్తి మీద ఎక్కిచ్చినవ్.”

“ఇంటి మీద.”

చిలుకమ్మ చీపురు పక్కన పెట్టింది. “నా గది నాకుంటే చాలు. ఇల్లంత నేనేం జేస్కుంట? అంతా ఊడ్వాలె గదా.”

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఒక రేకుల షెడ్డు కింద దస్తావేజులు రాసే రాయమల్లు కూర్చుంటాడు. వెంకట్రాజం చెప్పిందంతా విని, అతను గది మాట అక్కడికక్కడే కొట్టేశాడు.

“గది ఒక్కటి రాయాల్నంటే ప్లాను గావాలె, కొలతలు గావాలె, ఇంజనీరు గావాలె. సగం ఇల్లు రాసుడు సులువు. కొలిచే పనే లేదు.”

“ఏ దిక్కు సగం?”

“దిక్కు లేదు సేటూ. ప్రతి ఇటుకల సగం ఆమెది, సగం నీది.”

వెంకట్రాజానికి ఆ మాట చాలా నచ్చింది. ఇంత న్యాయం ఒక ఆఫీసులో దొరుకుతుందని అతను అనుకోలేదు.

“ఆమె నీకేమైతది?” అన్నాడు రాయమల్లు, కాగితం మీద ఒక గడి దగ్గర కలం ఆపి.

“వదినె. నా భార్యకు అక్క.”

రాయమల్లు కలం కింద పెట్టేశాడు. “లిస్టుల వదినె లేదు. భార్య ఉన్నది, బిడ్డ ఉన్నది, తోడబుట్టినోళ్లున్నరు. వాళ్లకిస్తే స్టాంపు డ్యూటీ తక్కువ. వదినె అంటే బయటోళ్ల లెక్క. డ్యూటీ మొత్తం పడ్తది.”

“అంటే ఎంతైతది?”

రాయమల్లు వేళ్ల మీద లెక్కేసి, “ఎక్కువైతాంది... రెండు కొత్త మోటర్ సైకిళ్లొస్తయ్,” అన్నాడు.

వెంకట్రాజం ముఖం చూసి అతనికి జాలేసింది. చిలుకమ్మ ఆధార్ కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. అది ఈ ఇంట్లో ఉండగానే తీయించిన కార్డు. కేరాఫ్ అన్నచోట వెంకట్రాజం పేరుంది, ఇంటి నంబరూ అదే. రాయమల్లు ముఖం వికసించింది.

“ఫికర్ జెయ్యకు. నలబై ఏండ్ల సర్వీసు నాది. రాసేది నేను రాస్త. లోపల నువ్వు మాట్లాడకు, ఆమెను మాట్లాడనీయకు.”

లోపల ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అని అధికారి అడిగితే వెంకట్రాజం గట్టిగా తలూపాడు. గిన్నెలు తోమి తోమి చిలుకమ్మ బొటనవేలు గీతలు అరిగిపోయి, యంత్రం మూడుసార్లు ఆమెను గుర్తుపట్టలేదు. కంప్యూటర్ ముందున్న అమ్మాయి విసుక్కోకుండా తన సొంత చేతిరుమాలు తడిపి ఆ వేలు తుడిచింది. నాలుగోసారికి పట్టింది. బయటికి వచ్చేసరికి నాలుగున్నర. దస్తావేజు ఇద్దరూ చదవలేదు. సంచిలో అది కింద, బజ్జీల పొట్లం పైన పెట్టుకుని ఆటో ఎక్కారు.

పన్నెండు రోజుల తర్వాత ఇంటి పన్ను వసూలు చేసే మనిషి దుకాణానికి వచ్చాడు. మారిన పేర్లతో వచ్చిన కాగితాన్ని, అతని అలవాటు ప్రకారం, వీధికి వినపడేలా చదివాడు.

“యజమానులు, వెంకట్రాజం ఒకటి. చిలుకమ్మ, భార్య, రెండు. అరె సేటూ! సప్పుడుగాకుంట కానిచ్చినవ్ గదా! శుభం, శుభం.”

వెంకట్రాజం చేతిలోని టిఫిన్ డబ్బా కింద పడింది. లోపలికి పోయి దస్తావేజు తీసి చదివితే, మూడో పేజీలో రాయమల్లు గుండ్రటి రాత నవ్వుతూ కనపడింది. వెంటనే ఫోన్ చేశాడు.

“భార్య అని రాసినవేందయ్యా!”

“రెండు మోటర్ సైకిళ్లు మిగిల్చిన. ఇంకొకలైతే చాయ్ తాపుతురు,” అన్నాడు రాయమల్లు నొచ్చుకుని.

సాయంత్రానికి వ్యాపారుల సంఘం నుంచి నలుగురు పెద్దమనుషులు శాలువాతో వచ్చారు. ఈ వయసులో ఇంత ధైర్యం చేసినందుకు బజారంతా గర్వపడుతోందని ఒకాయన అన్నాడు. వెంకట్రాజం “అది కాదు, అది కాదు” అంటూనే ఉన్నాడు, వాళ్లు కప్పుతూనే ఉన్నారు. శాలువాతో పాటు ఒక స్టీలు బిందె కూడా ఇచ్చారు. దాని మీద రెండు పేర్లూ పక్కపక్కన చెక్కి ఉన్నాయి. ఎదురు వరుసలోని పోటీ దుకాణంలో కొన్న బిందె అది. దాని మీది చెక్కుడు తన దుకాణంలో చెక్కేదానికన్నా శుభ్రంగా ఉండటం వెంకట్రాజాన్ని ఇంకొంచెం బాధపెట్టింది. వదినె కంటపడక ముందే అంతా సరిచేయించాలని, ఆ బిందెను గోనెసంచుల కింద దాచాడు.

సరిచేయించే లోపలే పింఛన్ల వారం వచ్చింది.

చిలుకమ్మకు నెలనెలా వితంతు పింఛన్ వస్తుంది. ఆ రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, ఎవరినీ వెంట రానివ్వకుండా, ఒక్కతే పోయి తెచ్చుకుంటుంది. ఈసారి యంత్రంలో వేలు పెట్టినా డబ్బు రాలేదు. వార్డు ఆఫీసులో కనుక్కోమన్నారు. అక్కడి ఉద్యోగిని శ్రావణి కంప్యూటర్‌లో చూసి ముందు లేచి, తన కుర్చీ ఆమెకు వేసి, మంచినీళ్లిచ్చి, అప్పుడు చెప్పింది.

“పింఛన్ ఆపేసిండ్రమ్మా. మీకు భర్త ఉన్నడని రికార్డుల వచ్చింది.”

“నా మొగడు పోయి ఇరవై రెండేండ్లాయె బిడ్డా. అప్పటికి నువ్వు బడికి గూడ పోకపోతుంటివి.”

శ్రావణి మెల్లగా కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పింది. “ఆయన కాదమ్మా. ఈయన.”

చిలుకమ్మ చదివింది. రెండోసారి చదివింది. గ్లాసులో మిగిలిన నీళ్లు తాగేసి, గ్లాసు కడిగి పెట్టి, నడుచుకుంటూ దుకాణానికి వచ్చింది. అక్కడ వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం పెళ్లి సామాను బేరం చేస్తోంది.

“రాజం,” అంది చిలుకమ్మ గడపలో నిలబడి. “నన్నెప్పుడు జేస్కున్నవ్?”

బేరం ఆగిపోయింది. ఆ కుటుంబం పెద్దాయన గంగాళం కింద పెట్టి, జవాబు కోసం సర్దుకుని కూర్చున్నాడు.

వెంకట్రాజం జరిగిందంతా చెప్పాడు. కేరాఫ్ చెప్పాడు, రాయమల్లును చెప్పాడు, మోటర్ సైకిళ్లు చెప్పాడు. గోనెసంచులు తీసి బిందె కూడా చూపించాడు. ఆమె బిందెను ఒకసారి గుండ్రంగా తిప్పి చూసి పక్కన పెట్టింది.

“ఇరవై రెండేండ్లు నీ ఇంట్ల అన్నం తిన్న, నిజమే. కని ఒక్కనాడన్న బస్సు కిరాయికి నీ ముందు చెయ్యి జాపిన్నా? వరలక్ష్మికి చివరి చీర నా పైసలతోటి కొన్న. పద్మలతకు ముక్కుపుడక నా పైసలతోటి పెట్టిన. ఆ పింఛన్ ఉన్నదనే నేను ఈ ఇంట్ల తలెత్తుకొని తిరిగిన. నువ్వు మంచి జెయ్యబోయి గా ఒక్కటి తీసేస్తివి.”

“సరిజేయిస్త వదినె,” అన్నాడు వెంకట్రాజం. “ఎంతైనా కానియ్. సరిజేయిస్త.”

ఆదివారం నాటికి కబురు హన్మకొండ చేరింది. పద్మలత, హరీష్ వచ్చారు. వెంట హరీష్ స్నేహితుడు, భరత్ అనే వకీలు వచ్చాడు. వాళ్లు మేడమీద ఇంకా చాప పరుచుకుంటుండగానే మొండయ్య తమ్ముడు సారయ్య మెట్లెక్కి వచ్చాడు. ఇరవై రెండేళ్లలో అతను ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. చేతిలో మక్కకంకుల సంచి ఉంది. పెళ్లి సామాను కొనడానికి వచ్చిన ఆ కుటుంబం అతని ఊరిదే.

“మంచిగున్నవా వదినె? యాదికొచ్చి వచ్చిన.”

“యాదికొచ్చిన్నా, ఇల్లొచ్చిందని తెలిసిందా?” అంది చిలుకమ్మ. కంకులు మాత్రం తీసుకుంది.

పద్మలత ముఖం ముడుచుకునే ఉంది. “బాపూ, బజారంత చెప్పినంక మాకు తెలిసింది. పెద్దమ్మా, ఇగ నిన్ను అమ్మ అనాల్నా ఏంది?”

“అనకు. అంటే ఇంకో పింఛన్ పోతది.”

భరత్ గొంతు సవరించుకుని దస్తావేజు చదివాడు. చదివినకొద్దీ అతని ముఖం పరీక్ష హాల్లో కుర్రవాడి ముఖంలా మారింది. దానం ఒకసారి రిజిస్టర్ అయ్యాక, ఇచ్చినవాడు నాకు వద్దనిపించిందని వెనక్కి తీసుకోలేడని చెప్పాడు. భార్య అన్నది తప్పని ఒప్పుకుంటే మిగిలిన డ్యూటీ కట్టాలి, పైన జుర్మానా కూడా ఉంటుంది. ఒప్పుకోకపోతే పింఛన్ రాదు. పైగా ఆమె ఏమీ రాయకుండా పోతే, ఆమెకు పిల్లలు లేరు కాబట్టి, ఆ సగం పోయిన భర్త వైపు వాళ్లకు చేరుతుంది.

సారయ్య గోడకు ఆనుకున్నవాడల్లా నిటారుగా కూర్చున్నాడు.

“ఇంకో తొవ్వ ఉన్నది,” అన్నాడు భరత్, చాప అంచు పీకుతూ. “మీరిద్దరు నిజంగ రిజిస్టర్ పెండ్లి చేస్కుంటే... ముందు జరిగింది ఎవరు తవ్వరు. ఖర్చు తక్కువ.”

“రెండు మోటర్ సైకిళ్ల కోసం పెండ్లి చేస్కుంటనా!” అని లేచాడు వెంకట్రాజం. అతని గొంతు అంత పైకి లేవడం పద్మలత ఎప్పుడూ వినలేదు. “చేస్కోను. జుర్మానా గడ్త. దుకాణం అమ్మయినా గడ్త!”

“కూసో,” అంది చిలుకమ్మ. “వద్దనాల్సింది నేను. నన్నెవరన్న అడిగిండ్రా? ఆనాడు నోరిప్పకన్నరు, ఇప్పుడన్న అడిగిండ్రా?”

హరీష్‌కు ఇదే సమయమనిపించింది. జేబులోంచి ముందే టైపు చేయించిన కాగితం తీసి, కలంతో సహా ఆమె ముందుకు జరిపాడు. “గివన్ని ఎందుకు పెద్దత్తమ్మా, పరేషాన్. నీ సగం పద్మలత పేరు మీద రాసెయ్యి. ఈడ సంతకం పెట్టు చాలు. నువ్వు ఎక్కడున్నా మేం చూస్కుంటం.”

“ఎక్కడున్నా అంటే?”

హరీష్ కలం మూత తీశాడు.

చిలుకమ్మ కలం ముట్టలేదు. భరత్ వైపు తిరిగింది.

“వకీలు సాబు, నాకు జర సమజయ్యేటట్టు చెప్పు. నేను సంతకం పెట్టకుంటే ఈ ఇల్లు కూలగొట్టరాదా?”

“రాదమ్మా.”

“బ్యాంకుల పెట్టరాదా? బిల్డర్‌కియ్యరాదా?”

“మీరొప్పుకోకుంటే రాదు.”

“నా గది మూలకు లిఫ్టు?”

భరత్ హరీష్ వైపు చూడకుండా, “రాదు,” అన్నాడు.

“నేను పోయినంక నా సగం ఎవలకు పోవాల్నో నేనే రాస్కోవచ్చా?”

“వీలునామా రాస్కోవచ్చు. మీ ఇష్టం.”

“రాసినంక మనసు మారితే?”

“మళ్ల రాస్కోవచ్చు. ఎన్నిసార్లయినా.”

“ఎవలకు రాసిన్నో అందరికి చెప్పాల్నా?”

“అవసరం లేదమ్మా.”

చిలుకమ్మ దస్తావేజును దగ్గరికి తీసుకుని జాగ్రత్తగా మడతపెట్టింది. మేడ మీద గాలి ఆడుతోంది. సారయ్య కంకుల సంచిని ఆమె వైపు ఇంకొంచెం జరిపాడు.

“మరి ఇంత మంచి కాయిదం నేనెందుకు వాపస్ ఇయ్యాలె?” అంది.

ముందు నవ్వింది పద్మలత. నవ్వుతూనే హరీష్ చేతిలోంచి కలం తీసి, మూత పెట్టి, అతని జేబులో పెట్టింది. తర్వాత పెద్దమ్మ పక్కకు జరిగి, చిన్నప్పటిలా ఆమె భుజానికి తల ఆనించి కూర్చుంది.

“ఎవరికి రాస్తవ్ పెద్దత్తమ్మా?” అన్నాడు హరీష్, సగం లేచి.

“చెప్ప. అప్పటిదాంక అందరు మంచిగుంటరు.”

ఆ వారమే వెంకట్రాజం, చిలుకమ్మ మళ్లీ ఆఫీసుకు పోయి, ఉన్నదున్నట్టు చెప్పి, సవరణ దస్తావేజు రాయించారు. “నా సర్వీసుల వదినె అని రాసుడు ఇదే మొదలు,” అని రాయమల్లు ఆ మాట రెండుసార్లు దిద్దాడు. మిగిలిన డ్యూటీ, జుర్మానా కలిపితే మూడు మోటర్ సైకిళ్లయింది. వెంకట్రాజం అక్కడికక్కడే కట్టేశాడు. బిందెను తిరిగి పోటీ దుకాణానికే పంపి, దాని బదులు రెండు గరిటెలు తెప్పించుకున్నాడు. శాలువా మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

శ్రావణి తనే ఫైలు పట్టుకుని పై ఆఫీసుకు రెండుసార్లు తిరిగింది. మూడోసారి చిలుకమ్మను పిలిచి, దిగులుగా చెప్పింది. “భర్తను తీసేసిండ్రమ్మా. కని ఇల్లు ఉన్నది గదా. ఇల్లుంటే పింఛన్ ఇయ్యరాదంటాండ్రు.”

చిలుకమ్మ ఆ అమ్మాయి తల నిమిరి, నడుచుకుంటూ దుకాణానికి వచ్చింది. లోపలికి వచ్చి పైకప్పు, గోడలు, గల్లాపెట్టె కింద బండలు అన్నీ కొత్తగా చూసినట్టు చూసింది.

“రాజం, ఈ దుకాణం గూడ ఆ కాయిదంల ఉన్నదా?”

“ఉన్నది వదినె. ఇల్లంటే కింద మీద అన్ని.”

“అయితే నువ్వు నా సగంల యాపారం జేస్తానవ్ అన్నట్టు.”

వెంకట్రాజం ఆలోచించి, “అట్లనే అయితది,” అన్నాడు.

“నెలనెల కిరాయి గట్టు. పింఛన్ ఎంతొచ్చేదో అంత. పింఛనొచ్చే నాడే ఇయ్యాలె.”

వెంకట్రాజం ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుతురు వచ్చింది. “రెండింతలిస్త వదినె.”

“వద్దు. ఎక్కువిస్తే అది దానమైతది. ఒక్కపారి దానం తీస్కొనే ఇంత ఆగమైన.”

ఆ నెల నుంచి ఆమె పింఛన్ రోజున ఇస్త్రీ చీర కట్టుకుని, మేడ దిగి, బజారు వైపు నుంచి దుకాణంలోకి వస్తోంది. గిరాకీ ఉంటే బెంచీ మీద కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. హరీష్ ఆదివారాలు బత్తాయిలు తెస్తున్నాడు, లిఫ్టు మాట ఎత్తడం లేదు. సారయ్య కంకుల కాలం అయిపోయాక కూరగాయల్లోకి దిగాడు.

నాలుగో నెల గిరాకీ లేక వెంకట్రాజం కిరాయి రెండు రోజులు ఆలస్యం చేశాడు. మూడో రోజు పొద్దున చిలుకమ్మ తరఫున వకీలు భరత్ దగ్గర నుంచి అతనికి నోటీసు వచ్చింది. ఫీజు హరీష్ కట్టాడు.